రైన్ గట్టు మీది దేశం



ఈమధ్య స్విట్జర్లాండ్ యాత్రకు వెళ్లే మనవాళ్లు బాగా పెరిగారు. జూరిక్‌లో దిగుతారు, లూసర్న్ చూస్తారు, ఏదో ఒక మంచుకొండ ఎక్కుతారు. ఇంకో పూట మిగిలితే టూరు బస్సువాళ్లు పక్కనున్న చిన్న దేశానికి తీసుకెళ్తారు. బస్సు వాడుజ్ అనే ఊళ్లో ఆగుతుంది. పైన కొండ మీద కోట, కింద నిలబడి ఫొటో. పర్యాటక కేంద్రంలో కాస్త రుసుము పుచ్చుకుని పాస్‌పోర్టులో ముద్ర వేస్తారు, అది జ్ఞాపకం కోసమే తప్ప అవసరమై కాదు. చాక్లెట్లు కొనుక్కుని మళ్లీ బస్సెక్కుతారు. లిక్టెన్‌స్టైన్ చూసేశాం అంటారు. చిన్న దేశం కదా, ఒక పూట చాలదా అని వాళ్ల లెక్క. చాలదనే నేను చెప్పబోతున్నాను.

ముందు అది ఎక్కడుందో చూద్దాం. పడమట స్విట్జర్లాండ్, తూర్పున ఆస్ట్రియా. రెండింటి మధ్య 160 చదరపు కిలోమీటర్ల నేల. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 25 కిలోమీటర్లు. జనం 40 వేలు. దానికి సముద్రం లేదు, దాని ఇరుగుపొరుగు దేశాలకూ లేదు. ప్రపంచంలో ఇలాంటి దేశం ఇంకొక్కటే, ఉజ్బెకిస్తాన్. ఇక్కడ విమానాశ్రయం లేదు. సొంత డబ్బు లేదు, చలామణీ అంతా స్విస్ ఫ్రాంకుల్లోనే. సైన్యాన్ని 1868లోనే రద్దు చేసుకున్నారు. పదకొండు ఊళ్లు, ఒక రాజకుటుంబం, 25 మంది సభ్యులున్న శాసనసభ. పడమటి ఎల్లగా రైన్ నది, తూర్పున గోడలా ఆల్ప్స్ కొండలు. నది ఒడ్డున నేల సముద్రమట్టానికి 430 మీటర్ల ఎత్తులో ఉంటే, దక్షిణాన గ్రౌష్పిట్స్ శిఖరం 2,599 మీటర్లు. ఇంత కొద్ది దూరంలో అంత ఎత్తు లేస్తుంది.

అందరూ కోటతో మొదలుపెడతారు. నన్నడిగితే నదితో మొదలుపెట్టమంటాను. వాడుజ్ బస్టాండు నుంచి పడమరగా ఓ పావుగంట నడిస్తే రైన్ గట్టు వస్తుంది. అక్కడ నదికి అడ్డంగా పాత చెక్క వంతెన ఉంది. 1901లో కట్టారు, 135 మీటర్ల పొడవు, పైన కప్పు, రెండు పక్కలా చెక్క గోడలు. ఇప్పుడు దాని మీద నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే దారి. లోపలికి అడుగుపెడితే ఎండ ఆగిపోతుంది, పాత కలప వాసన వస్తుంది. కాలి కింద పలకలు ఒక్కొక్కటీ ఒక్కో చప్పుడు చేస్తాయి. పలకల సందుల్లోంచి నీళ్లు కనబడతాయి. కొండల మీద మంచు కరిగి, రాతిపొడిని మోసుకొచ్చే నీళ్లు కాబట్టి రంగు బూడిదా పచ్చా కలిసినట్టుంటుంది. వంతెన నడిమధ్య రెండు దేశాల గుర్తులు పక్కపక్కనే ఉంటాయి. సరిహద్దంటే అంతే. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలబడవచ్చు. గేటు లేదు, కాపలా లేదు, కాగితం అడిగేవాళ్లు లేరు. సాయంత్రం పూట పని ముగించుకుని సైకిళ్ల మీద అవతలి సేవెలెన్ ఊరికి వెళ్లిపోయేవాళ్లు పక్కనుంచి సాగిపోతుంటారు.

ఈ నది ఎప్పుడూ ఇంత నెమ్మదిగా లేదు. ఎగువ కొండల నుంచి రైన్ విపరీతమైన కంకర తెస్తుంది. రెండు వైపులా గట్లు వేసి ఇరుకు చేసేసరికి ఆ కంకర అడుగున పేరుకుని నదీగర్భమే ఎత్తు పెరిగింది. అటువైపు స్విస్ వాళ్లు గట్టు ఎత్తు చేస్తే వరద ఇటు తన్నేది. ఇటువైపు ఎత్తు చేస్తే అటు తన్నేది. తరాలపాటు రెండు ఒడ్లవాళ్లకూ ఇదే తగువు. 1927 సెప్టెంబరు 25 రాత్రి షాన్ ఊరి దగ్గర, రైలు వంతెన చోట గట్టు తెగింది. ఉత్తరాన పల్లపు ఊళ్లన్నీ నీళ్లలో మునిగాయి. నీళ్లు తీశాక పొలాల మీద కంకరా బురదా మేటలు వేసి ఉన్నాయి. అప్పటికది పేద దేశం. ఆ మేటలు ఎత్తిపోయడం వాళ్ల ఒక్కళ్ల వల్ల అయ్యే పని కాదు.

మరుసటి ఏడాది, 1928లో, యూరప్ నలుమూలల నుంచి వందలాది యువతీయువకులు పారలు పట్టుకుని అక్కడికి వచ్చారు. జీతం లేకుండా నెలల తరబడి ఆ కంకర తవ్వి పొలాలు బాగుచేశారు. వాళ్లను పిలిచింది పియర్ సెరెసోల్ అనే స్విస్ ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, శత్రువులుగా పోరాడిన దేశాల యువకులు కలిసి పనిచేయాలని 1920లో ఆయన ఒక స్వచ్ఛంద సేవా ఉద్యమం మొదలుపెట్టాడు. తుపాకీ పట్టే బదులు పార పట్టమన్నాడు. ఈ సంగతి మన శ్రోతలకు ప్రత్యేకించి చెప్పడానికి కారణముంది. 1934లో బీహారులో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఇదే సెరెసోల్ మన దేశానికి వచ్చాడు. బాబూ రాజేంద్రప్రసాద్ ఆధ్వర్యంలో సాగుతున్న సహాయ కార్యక్రమంలో చేరి, ముజఫర్‌పూర్ ప్రాంతంలో వరద ముప్పున్న పల్లెలను మెరక మీదికి మార్చి కట్టే పనిలో మట్టి మోశాడు. రైన్ గట్టు కింద నేర్చుకున్న పని గండకీ తీరాన అక్కరకొచ్చింది. టూరు బస్సు గైడు మీకీ కథ చెప్పడు. గట్టు మీద నడిచేటప్పుడు దీన్ని గుర్తుచేసుకోండి.

ఇక కోట సంగతి. రాజకుటుంబం పేరే ఈ దేశం పేరైంది. వియన్నా దగ్గర లిక్టెన్‌స్టైన్ అనే కోట ఉంది, వాళ్లు ఆ వంశం వాళ్లు. ఆస్ట్రియాలోనూ, ఇప్పటి చెక్ దేశంలోని మొరావియాలోనూ బోలెడన్ని ఎస్టేట్లున్న కుటుంబం. అంత ఆస్తి ఉన్నా పవిత్ర రోమన్ చక్రవర్తి సభలో వాళ్లకు ఆసనం లేదు. అది దక్కాలంటే నేరుగా చక్రవర్తి కింద ఉండే భూమి సొంతం కావాలి. అందుకని ఈ లోయలో అప్పుల్లో ఉన్న షెలెన్‌బెర్గ్‌ను 1699లో, వాడుజ్‌ను 1712లో కొన్నారు. 1719 జనవరి 23న ఆరో చార్లెస్ చక్రవర్తి ఆ రెంటినీ కలిపి సంస్థానంగా ప్రకటించాడు. ఆసనం దక్కింది. కొన్న నేలను చూసి రావడానికి మాత్రం పాలించే రాజు ఒక్కరూ నూరేళ్లకు పైగా కదల్లేదు. మొదటిసారి వచ్చింది 1842లో. అక్కడే కాపురం పెట్టింది 1938లో, రెండో ఫ్రాంజ్ యోసెఫ్ కాలంలో. కొండ మీద కోటను చూడగానే దేశమంతా దాని నీడలో పెరిగిందనిపిస్తుంది. నిజానికి చాలాకాలం అది యజమాని లేని ఇల్లు. ఇప్పుడక్కడ రాజకుటుంబం ఉంటోంది కాబట్టి సందర్శకులను లోపలికి రానివ్వరు. పక్కనున్న కాలిబాట మీద ఎక్కి పైనుంచి లోయను చూడటానికి అడ్డేమీ లేదు.

రాజు దూరాన ఉంటే లోయలో జనం ఎలా బతికారు? గొడ్డూ గోదా, మొక్కజొన్న, కాస్త ద్రాక్ష. అది చాలక ఇళ్లలోని చిన్నపిల్లలను వసంతంలో కాలినడకన దక్షిణ జర్మనీకి పంపేవారు. అక్కడి రైతుల దగ్గర పశువులు కాసి, శరదృతువులో కొత్త బట్టలూ నాలుగు డబ్బులూ తెచ్చుకునేవారు ఆ పిల్లలు. ఈ నేల నుంచే కాదు, చుట్టుపక్కల ఆస్ట్రియా, స్విస్ కొండల నుంచీ వెళ్లేవారు. మొదటి యుద్ధం తర్వాత ఆస్ట్రియా డబ్బు విలువ కుప్పకూలింది. ఆ డబ్బునే వాడుతున్న లిక్టెన్‌స్టైన్ ప్రజలు కూడబెట్టుకున్నదంతా దానితోనే పోయింది. అప్పుడు తూర్పు పొరుగును వదిలి పడమటి పొరుగు వైపు తిరిగారు. 1923లో స్విట్జర్లాండ్‌తో సుంకాల ఒప్పందం చేసుకున్నారు. 1924 నుంచి ఫ్రాంకు వచ్చింది. నదికి అటూ ఇటూ గట్టు కోసం కొట్లాడుకున్నవాళ్లే ఒక సంతలో భాగస్వాములయ్యారు. ఈ దేశం కలిమికి మూలం బ్యాంకులని చాలామంది అనుకుంటారు. నేను ఈ ఒప్పందం దగ్గర లెక్క మొదలుపెడతాను.

బ్యాంకుల మాట దాటవేయకూడదు. కొన్ని దశాబ్దాలపాటు ఇతర దేశాల ధనికులు పన్ను ఎగ్గొట్టిన డబ్బు దాచుకునే చోటుగా ఈ దేశానికి చెడ్డపేరు వచ్చింది, అది ఊరికే రాలేదు. 2008లో జర్మనీలో ఆ వ్యవహారం బయటపడి పెద్ద దుమారం రేగింది. ఆ తర్వాతే గోప్యత తలుపులు తెరిచి, ఇతర దేశాలతో సమాచారం పంచుకోవడానికి ఒప్పుకున్నారు. అయితే అక్కడ ఎక్కువమందికి పని పెట్టేవాటిలో ఫ్యాక్టరీలకు పెద్ద వాటా ఉంది. మన ఊళ్లలో పెద్ద భవనాలు కట్టేచోట గోడకు రంధ్రం చేసే హిల్టి యంత్రం పేరు చాలామంది విని ఉంటారు. ఆ కంపెనీ 1941లో షాన్‌లో మొదలైంది, ఇప్పటికీ దాని కేంద్రం అదే ఊరు. దంతవైద్యులు వాడే కృత్రిమ దంతాలూ, పళ్లకు నింపే పదార్థాలూ కూడా షాన్ నుంచి ప్రపంచమంతా వెళ్తాయి. మౌరెన్ అనే పల్లెలో ఒకప్పుడు అరచేతిలో పట్టే లెక్కల యంత్రం తయారయ్యేది, దాని పేరు కుర్టా. పైనున్న పిడి పట్టుకుని తిప్పితే కూడికలూ గుణకారాలూ చేసిపెట్టేది. దాన్ని రూపొందించిన కుర్ట్ హెర్జ్‌స్టార్క్ యూదుడైన తండ్రికి పుట్టినవాడు. నాజీలు ఆయన్ను బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆ యంత్రం నమూనా గీసుకున్నది ఆ శిబిరంలోనే. ప్రాణాలతో బయటపడ్డాక ఈ చిన్న దేశం పిలిచి ఫ్యాక్టరీ పెట్టించింది. మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్‌లతో కలిసి ఈ దేశం భారతదేశంతో 2024 మార్చిలో వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. 2025 అక్టోబరు 1 నుంచి అది అమల్లో ఉంది.

లిక్టెన్‌స్టైన్‌లో పనిచేసేవాళ్లలో సగం మందికి పైగా రోజూ సరిహద్దు దాటి వచ్చేవాళ్లే. పొద్దున్నే రెండు దేశాల నుంచి కార్లూ బస్సులూ బారులు తీరతాయి, సాయంత్రం తిరిగి వెళ్తాయి. వాళ్లు అక్కడ ఎందుకు ఉండిపోరు అని అడగవచ్చు. నివాస అనుమతి దొరకడం చాలా కష్టం. ఏటా ఇచ్చేవే కొన్ని, అందులోనూ కొన్నింటిని యూరప్ పౌరులకు లాటరీ తీసి ఇస్తారు. పనికి తలుపు బార్లా తెరిచి, కాపురానికి సందు మాత్రం వదిలారు. తాము ఇంత కొద్దిమందిమి, నలుగురూ వచ్చి పడితే మిగలమనే భయం దీని వెనుక ఉంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇరవై ఏళ్లు అక్కడే పనిచేసి, ఆ ఊరి చలికాలాన్నీ పండగలనూ తెలిసినవాడు రాత్రికి మాత్రం వేరే దేశానికి వెళ్లి పడుకోవడం న్యాయంగా తోచదు.

శరణు ఇవ్వడంలోనూ ఈ దేశం చరిత్ర ఏకరీతిగా లేదు. హిట్లర్ కాలంలో కొందరు యూదులను చేర్చుకుంది, కొందరిని సరిహద్దు నుంచి తిప్పి పంపింది. ఆ దేశం తానే నియమించుకున్న చరిత్రకారుల సంఘం 2005లో ఆ లెక్కలన్నీ బయటపెట్టింది. 1945 మే మొదటివారంలో, మంచు పడుతున్న రాత్రి, జర్మన్ సేన తరఫున పోరాడిన రష్యన్ దళం ఒకటి షెలెన్‌బెర్గ్ కొండ దగ్గర సరిహద్దు దాటి వచ్చింది. సుమారు ఐదు వందల మంది. వాళ్లను అప్పగించమని సోవియట్ అధికారులు అడిగారు. పెద్ద దేశాలు అప్పగిస్తున్న రోజులవి. సైన్యమే లేని ఈ దేశం, ఇష్టపడి వెళ్లేవాళ్లను పంపిస్తాం, బలవంతంగా ఎవర్నీ పంపం అంది. మిగిలినవాళ్లకు రెండేళ్లపాటు తిండి పెట్టి, చాలామందిని అర్జెంటీనాకు సాగనంపింది. హింటర్‌షెలెన్‌బెర్గ్‌లో ఒక స్మారకశిల ఉంది. అక్కడికి మామూలు సిటీ బస్సే వెళ్తుంది.

రాజు ఉన్న దేశమే అయినా ప్రజల ఓటుకు విలువ ఎక్కువ. వెయ్యిమంది ఓటర్లు సంతకాలు చేస్తే ఏదైనా చట్టాన్ని ప్రజాభిప్రాయానికి పెట్టవచ్చు. 2003 రాజ్యాంగం ప్రకారం పదకొండు ఊళ్లలో ఏ ఊరైనా దేశం నుంచి విడిపోయే హక్కు కూడా ఉంది. అయితే ఇదే దేశంలో ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1984లో! 1971లో, 1973లో మగవాళ్లు కాదని ఓటేశారు. మూడోసారి కొద్ది తేడాతో నెగ్గింది. తొలి మహిళా ప్రధాని బ్రిగిటె హాస్ 2025లో పదవి చేపట్టారు. నలభయ్యొక్క ఏళ్లలో అక్కడిదాకా వచ్చారు.

ఇప్పుడు కొండెక్కుదాం. వాడుజ్ నుంచి 21వ నంబరు బస్సు మెలికలు తిరుగుతూ ట్రీజెన్‌బెర్గ్ మీదుగా మాల్బున్ వరకు వెళ్తుంది. ట్రీజెన్‌బెర్గ్ జనం వాల్జర్లు. 1300 ప్రాంతంలో స్విట్జర్లాండ్ నైరుతి కొండల నుంచి వలస వచ్చారు. కింద లోయలో మంచి నేలలన్నీ అప్పటికే ఒకరి సొంతం కాబట్టి ఏటవాలు మీద ఇళ్లు కట్టుకున్నారు. కింది ఊళ్లవాళ్ల యాసకూ వాళ్ల యాసకూ ఈనాటికీ తేడా ఉంది. వాళ్ల ఇళ్లూ పనిముట్లూ చూపే చిన్న మ్యూజియం ఊళ్లో ఉంది. అక్కడినుంచి సొరంగం దాటితే లోయ ముఖమే మారిపోతుంది. ఫ్యాక్టరీలు పోయి పచ్చికబయళ్లు, మెడలో గంటలతో ఆవులు. సొరంగం పడింది 1947లో. మాల్బున్ 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది, చలికాలం మంచు మీద స్కీయింగ్‌కు పిల్లలతో వెళ్లదగిన చోటు. జర్మనీలో పుట్టి పసితనంలోనే ఈ దేశానికి వచ్చిన హన్నీ వెంజెల్ 1980 శీతాకాల ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలూ ఒక రజతమూ గెలిచింది. ఆ దేశానికి ఇంతవరకు వచ్చిన ఒలింపిక్ పతకాలన్నీ కొండ మీది స్కీయింగ్‌లోనే వచ్చాయి.

వాడుజ్‌కు ఉత్తరాన మూడు శిఖరాలు పక్కపక్కన నిలబడి కనిపిస్తాయి. వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్లంటారు. మేరీమాత పండగనాడు గుడికి పోకుండా పండ్లు ఏరుకోవడానికి వెళ్లి రాళ్లయిపోయారని కథ. ఆ శిఖరాల వరుసలో 1898లో కొండ అంచును తొలిచి వేసిన నడకదారి ఉంది, ఫ్యుర్స్టెన్‌ష్టైగ్. చూపు కిందికి పోతే కళ్లు తిరిగేవాళ్లు ఆ దారి పట్టకండి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు 2019లో తెరిచిన 75 కిలోమీటర్ల లిక్టెన్‌స్టైన్ బాట ఉంది. పదకొండు ఊళ్లనూ తాకుతూ పోతుంది. ఏ ఊళ్లో అలిసిపోతే ఆ ఊళ్లో బస్సెక్కవచ్చు.

తిండి గురించి మనవాళ్లు ముందే అడుగుతారు. శాకాహారం, గుడ్డు ఫరవాలేదనుకునేవాళ్లకు అక్కడి కేజ్‌క్నెప్‌ఫ్లె బాగా నచ్చుతుంది. మైదా, గుడ్డు, నీళ్లు కలిపి జారుగా పిండి చేస్తారు. దాన్ని రంధ్రాల పలక మీద పోసి రుద్దితే, మనం బూందీ దూసినట్టు, బొట్లుబొట్లుగా కింద మరిగే నీళ్లలో పడుతుంది. నూనె లేదు, నీళ్లే. ఉడికి పైకి తేలగానే తీసి, వేడి మీదే ఒక వరుస పిండిముక్కలు, ఒక వరుస తురిమిన జున్ను చొప్పున గిన్నెలో పేరుస్తారు. పుల్లటి వాసన వచ్చే జున్ను పడితేనే అది వాళ్ల వంట. పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, పక్కన ఆపిల్ గుజ్జు. ఉప్పగా, పుల్లగా, తియ్యగా మూడూ నోట్లో కలుస్తాయి. పాతకాలపు పేదల భోజనం మొక్కజొన్న రవ్వను వేయించిన రిబెల్, అది దొరికితే అదీ తినండి. దక్షిణం నుంచి కొండ దిగుతూ వేడెక్కే ఫోన్ అనే గాలి ఈ లోయలో మొక్కజొన్నకూ ద్రాక్షకూ ప్రాణం. ఆ గాలి వీచేరోజున చలికాలమైనా వెచ్చగా ఉంటుంది, ఆకాశం తేటబడి కొండలు చేతికందేంత దగ్గరగా కనబడతాయి. పూర్వం ఆ గాలికి నిప్పు అంటుకుంటే ఊళ్లకు ఊళ్లు కాలిపోయేవని రాత్రిళ్లు కాపలా తిరిగేవారు.

చివరగా వెళ్లే దారి. మనకు షెంగెన్ వీసా కావాలి. ఈ దేశం 2011 డిసెంబరులో షెంగెన్‌లో చేరింది, మన దగ్గర దాని వీసా పనులు స్విట్జర్లాండే చూస్తుంది. జూరిక్ నుంచి సర్గాన్స్‌కు రైల్లో గంట ప్రయాణం, అక్కడినుంచి లేత ఆకుపచ్చ బస్సు ఎక్కితే అరగంటలో వాడుజ్. బుక్స్ స్టేషన్‌లో దిగినా బస్సు ఉంటుంది. ధరలు స్విట్జర్లాండ్ ధరలే, ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పై దారుల్లో జూన్ దాకా మంచు ఉండవచ్చు కాబట్టి కొండ నడకకు జూలై నుంచి సెప్టెంబరు మంచిది. కనీసం రెండు రాత్రులు ఉండండి, ఒకటి లోయలో, ఒకటి కొండ మీద. దారిలో ఎదురైనవాళ్లు "హోయ్" అని పలకరిస్తారు, మీరూ హోయ్ అనండి. ఆగస్టు 15 వాళ్లకూ జాతీయ దినమే. ఆ రోజు కోట పక్కన పచ్చికలో సభ జరుగుతుంది, రాత్రి బాణసంచా కాలుస్తారు. ఆ వేళకు వెళ్లేవాళ్లు గది చాలా ముందుగా చూసుకోవాలి. వాడుజ్‌లో దొరక్కపోతే నదికి అవతల బుక్స్‌లోనో, ఆస్ట్రియా వైపు ఫెల్డ్‌కిర్క్‌లోనో దిగి, రోజూ సరిహద్దు దాటి పనికి వచ్చేవాళ్లు ఎక్కే బస్సుల్లోనే మీరూ పొద్దున్నే బయల్దేరవచ్చు.